తందూర్ హత్యకేసు: ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది?

హత్యకేసులు నేర్చుకుందామని మా ఆఫీసుకు వచ్చే జూనియర్లకు నేను మొదట చేతికిచ్చే తీర్పు సుశీల్ శర్మ కేసుది. సుప్రీంకోర్టు 2013 అక్టోబర్ 8న ఇచ్చింది. 'తందూర్ హత్య' అంటే దేశమంతా గుర్తుపడుతుంది గానీ, ఆ పేరు వెనకున్న రికార్డు చదివినవాళ్లు తక్కువ. మన దేశంలో నేరపరిశోధన ఒక మలుపు తిరుగుతున్న రోజుల్లో జరిగిన కేసు అది. గస్తీ కానిస్టేబుల్ అనుమానం, శవపరీక్ష బల్ల, ఎక్స్‌రే, తూటాలు పోల్చే మైక్రోస్కోపు, అప్పుడప్పుడే కోర్టు గడప తొక్కుతున్న డీఎన్ఏ అన్నీ ఒకే ఫైల్లో ఉన్నాయి. ఈనాటి హత్యకేసుల్లో చాలా బరువు మోస్తున్న సెల్‌ఫోన్ మాత్రం ఎక్కడా లేదు. ఉండే వీలూ లేదు. హత్య జరిగింది 1995 జూలై 2 రాత్రి. ఛార్జిషీటు పడింది జూలై 27న. దేశంలో తొలి మొబైల్ కాల్ వెళ్లింది జూలై 31న, కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రాంకు చేసింది.

నేను ఎక్కువగా ముద్దాయిల తరఫున నిలబడతాను. ప్రాసిక్యూషన్ గెలిచిన కేసు ఎలా గెలిచిందో తెలియకపోతే, ఓడాల్సిన చోట దాన్ని ఓడించడం చేతకాదు. ఈ రికార్డు నుంచి నేను పట్టుకున్నది ఒకటే: ఏ పరీక్షయినా ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. డీఎన్ఏ కలిసింది కాబట్టి కేసు అయిపోయిందనేవాళ్లు కోర్టు వరండాల్లో రోజూ కనిపిస్తారు. ఏ ప్రశ్నకు కలిసింది? శవం ఎవరిదన్న దానికా, చంపిందెవరన్న దానికా? ఈ కేసును ఆ ప్రశ్నల వరసలోనే విప్పుతాను.

జరిగింది ఇది

సుశీల్ శర్మ అప్పట్లో ఢిల్లీ యువజన కాంగ్రెస్ అధ్యక్షుడు. నైనా సాహ్ని కూడా ఆ సంస్థలోనే పనిచేసేవారు, పైలట్‌గా శిక్షణ పొందారు. గోల్ మార్కెట్‌లోని ఒక ఫ్లాట్‌లో ఇద్దరూ భార్యాభర్తలుగా ఉండేవారు. పెళ్లి సంగతి నలుగురికీ చెప్పమని ఆమె పట్టుబట్టేవారు, అతను ఒప్పుకునేవాడు కాదు. పైగా ఆమె మీద అనుమానం. ఆ రాత్రి ఫ్లాట్‌లోనే ఆమెను కాల్చి చంపి, శవాన్ని కారు డిక్కీలో వేసుకుని, అశోక్ యాత్రి నివాస్ హోటల్ ఆవరణలో తాను నడిపించే 'బగియా' రెస్టారెంట్‌కు తీసుకెళ్లి, మేనేజర్ కేశవ్ కుమార్ సాయంతో తందూరులో తగలబెట్టబోయాడన్నది ప్రాసిక్యూషన్ కథనం.

రాత్రి 11 గంటల ప్రాంతంలో కానిస్టేబుల్ అబ్దుల్ నజీర్ కుంజు, హోంగార్డు చందర్‌పాల్ ఆ చుట్టుపక్కల గస్తీ తిరుగుతున్నారు. రోడ్డు పక్కన కూరగాయలమ్ముకునే ఒకామె మంటలంటూ కేకలు పెట్టింది. వెళ్లి అడిగితే, పార్టీ పాత పోస్టర్లూ బ్యానర్లూ కాలుస్తున్నామన్నారు. ఆ జవాబు వినడానికి బాగానే ఉంది. పార్టీ నాయకుడి రెస్టారెంట్, కాలేవి పార్టీ కాగితాలు, మామూలు కానిస్టేబుల్ అక్కడితో సరిపెట్టుకుంటాడు. కుంజు సరిపెట్టుకోలేదు. మంట తగ్గకపోగా పెరుగుతోందని వెనక గోడ ఎక్కి లోపలికి దిగాడు. మంటలార్పి చూస్తే తందూరులో ఆడమనిషి శవం. కేశవ్ అక్కడే దొరికాడు. శర్మ జారుకున్నాడు.

మనిషి శరీరం పూర్తిగా కాలాలంటే దహనవాటిక కొలిమిలోలా 800 నుంచి 1000 డిగ్రీల వేడి గంటకు పైగా నిలవాలి. రొట్టెలు కాల్చే తందూరుకు ఆ శక్తి లేదు. అయినా ఇంకాసేపు గడిచి ఉంటే ముఖంలో మిగిలిన ఆనవాళ్లు కూడా పోయేవి. ఈ కేసులోని ప్రయోగశాల రిపోర్టులన్నీ కుంజు గోడ ఎక్కడం మీదే ఆధారపడ్డాయి. ఆయన వాంగ్మూలమే ఎఫ్ఐఆర్ అయింది.

శవం ఎవరిది?

జూలై 5న నైనాకు పరిచయస్తుడైన ఒక పార్టీ కార్యకర్త శవాన్ని చూసి ఆమెదేనని గుర్తుపట్టారు. కాలిన శవాన్ని గుర్తుపట్టడమన్నది డిఫెన్స్ వకీలుకు తేలిక లక్ష్యం. వేడికి చర్మం బిగుసుకుంటుంది, ముఖకవళికలు మారతాయి, చూసేవాడు అప్పటికే మనసులో ఎవరో ఒకరిని అనుకుని వస్తాడు. చనిపోయింది నైనా కానే కాదని గట్టిగా వాదించవచ్చు. ఈ కేసులో ఆ వాదన వచ్చింది కూడా.

దానికి జవాబు హైదరాబాద్ నుంచి వచ్చింది. లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టిన కొన్నేళ్లకే, ఇక్కడి జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ మన సొంత ప్రోబ్ (వెతికే భాగానికి అతుక్కునే డీఎన్ఏ ముక్క) తయారుచేశారు. కట్లపాము జాతి డీఎన్ఏ మీద చేసిన పరిశోధనలోంచి పుట్టిన బీకేఎం ప్రోబ్ అది. కేరళలో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న తగాదాలో అది మొదటిసారి మన కోర్టు ముందుకు వచ్చింది. రాజీవ్ గాంధీ హత్యకేసు దర్యాప్తులోనూ సీసీఎంబీ డీఎన్ఏ పరీక్షలు ఉపయోగపడ్డాయి. తందూర్ కేసులో శవం నుంచి తీసిన నమూనాలనూ, నైనా తల్లిదండ్రుల రక్తాన్నీ పోల్చి, ఆ శవం వారి కన్నబిడ్డదేనని సీసీఎంబీ తేల్చింది. శాస్త్రవేత్త జి.వి. రావు కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు.

ఆనాటి పద్ధతి ఎంత శ్రమతో కూడుకున్నదో ఈ తరానికి తెలియాలి. డీఎన్ఏను ఎంజైములతో ముక్కలు చేసి, జెల్ మీద పరుగెత్తించి, ఆ ముక్కల్ని పొర మీదికి దించి, రేడియోధార్మిక ప్రోబ్ అంటించి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద గీతలుగా చూడాలి. బిడ్డలో కనిపించే ప్రతి గీతా తల్లిలోనో తండ్రిలోనో ఉండి తీరాలి. రెండింటిలోనూ లేని గీతలు కనిపిస్తే బిడ్డ వాళ్లది కాదు. దీనికి నమూనా ఎక్కువ కావాలి, డీఎన్ఏ తునాతునకలు కాకుండా ఉండాలి, వారాల సమయం పడుతుంది. పైచర్మం బొగ్గయినా, లోపలి కండరంలోనూ ఎముకలోనూ పళ్లలోనూ డీఎన్ఏ మిగిలే అవకాశం ఉంటుంది కాబట్టే కాలిన శవాల్లో ఈ పరీక్షకు దారి దొరుకుతుంది.

ఈ రిపోర్టులో ముద్దాయి గురించి ఒక్క అక్షరం ఉండదు. శర్మ రక్తం దానికి అవసరమే లేదు. చనిపోయింది నైనా అని మాత్రమే చెప్పింది, చెప్పాల్సింది కూడా అంతే. కానీ ఆ ఒక్క సంగతీ స్థిరపడకపోతే మిగతా కేసంతా గాల్లో వేలాడేది. పెళ్లి, ఫ్లాట్, అనుమానం, తగాదా అన్నీ నైనాకు సంబంధించినవి. శవం ఇంకొకరిదైతే వాటికి ఈ కేసులో చోటే లేదు.

ఎలా చనిపోయింది?

నా దృష్టిలో ఈ ఫైల్లో అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఇక్కడే ఉంది. మొదటి పోస్ట్‌మార్టం జూలై 5న జరిగింది. అందులో తూటాలు కనిపించలేదు. జూలై 12న ముగ్గురు డాక్టర్ల బృందం రెండోసారి శవపరీక్ష చేసింది. అందులో ఎయిమ్స్ ఫోరెన్సిక్ నిపుణులు టి.డి. డోగ్రా కూడా ఉన్నారు. ఈసారి ఎక్స్‌రే తీశారు. పుర్రెలోనూ మెడలోనూ లోహపు ముక్కలు తెల్లగా కనిపించాయి. కోసి చూస్తే బుల్లెట్లు. చావుకు కారణం తలకు తగిలిన తూటా గాయమని తేలింది.

కాలిన శవంలో తూటా రంధ్రం కళ్లకు అందకపోవడం వింతేమీ కాదు. వేడికి పుర్రె ఎముక దానంతటదే పగులుతుంది. చర్మం చీలుతుంది, ఆ చీలికలు కత్తిగాట్లలా కనిపిస్తాయి. నిజమైన గాయం ఆ పగుళ్లలో కలిసిపోతుంది. ఎక్స్‌రే మాత్రం సీసాన్ని దాచదు. ఎక్స్‌రే అప్పటికే వందేళ్ల పాత సాధనం, రాంట్‌జెన్ దాన్ని కనిపెట్టింది 1895లో. ఇంత చర్చ జరిగిన కేసును తిప్పింది కొత్త యంత్రం కాదు, మొదటి రోజే వాడాల్సిన పాత యంత్రం. కాలిన శవం ఉన్న ఏ ఫైల్ వచ్చినా నేను మొదట వెతికేది ఎక్స్‌రే ప్లేటు కోసమే. శ్వాసనాళంలో మసి ఉందా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉందా అన్నవి ఆ తర్వాత. ఆ రెండూ మనిషి మంటల్లో పడినప్పుడు ఊపిరి ఉందో లేదో చెబుతాయి.

ఇప్పుడు ముద్దాయి వకీలు కుర్చీలో కూర్చుని తేదీలు చూడండి. శర్మ మద్రాసులో ముందస్తు బెయిలు తెచ్చుకుని, చివరికి జూలై 10న బెంగళూరులో పట్టుబడ్డాడు. అతని .32 ఆర్మీనియస్ రివాల్వర్ అక్కడ దొరికింది. రెండో పోస్ట్‌మార్టం జూలై 12న. అంటే శవంలోంచి బుల్లెట్లు బయటికి వచ్చేటప్పటికి తుపాకీ పోలీసుల చేతిలో ఉంది. మొదటి డాక్టరుకు కనిపించనివి రెండోసారి ఎలా కనిపించాయి, ఎవరో పెట్టారు అనే వాదన గాలి మాట కాదు, తేదీలు దానికి కాస్త ఊతమిస్తాయి. నేనే ఆ కేసులో ఉంటే జూలై 5 నుంచి 12 దాకా మార్చురీ తాళం ఎవరి దగ్గరుంది, రిజిస్టరులో ఎవరెవరి సంతకాలున్నాయి, ఎక్స్‌రే తీసిన మనిషి ఎవరు, ప్లేటు మీద నంబరు ఎవరు వేశారు అని ఒక్కొక్కటీ అడిగేవాణ్ని.

కోర్టులు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోనక్కర్లేదో తర్వాతి అంశం చూస్తే నాకూ అర్థమవుతుంది.

ఏ తుపాకీ?

ముద్దాయి దొరకకముందే పోలీసులు గోల్ మార్కెట్ ఫ్లాట్‌లో సోదా చేశారు. రక్తపు మరకలు, ఖాళీ తూటా డొప్పలు, ఒక సీసపు బుల్లెట్, బుల్లెట్ దూసుకుపోయిన రంధ్రం ఉన్న ప్లైవుడ్ ముక్క దొరికాయి. తుపాకీ అప్పటికి వాళ్ల చేతిలో లేదు. తర్వాత బెంగళూరులో దొరికిన రివాల్వర్‌తో ప్రయోగశాలలో పరీక్షా కాల్పులు జరిపి పోల్చినప్పుడు, శవంలోని బుల్లెట్లూ ఫ్లాట్‌లో దొరికినవీ ఆ రివాల్వర్‌వేనని బాలిస్టిక్ నిపుణుడు చెప్పారు.

ఈ వరస చాలా ముఖ్యం. తుపాకీ చేతికి రాకముందు సీలు వేసిన డొప్ప మీద, ఆ తుపాకీ ఫైరింగ్ పిన్ గుర్తును ఎవరూ సృష్టించలేరు. శవంలోని బుల్లెట్ల మీద అనుమానం ఉందనుకున్నా, ఫ్లాట్‌లోని డొప్పల మీద అదే అనుమానం నిలవదు. ఒక సాక్ష్యానికి ఉన్న బలహీనతను ఇంకొకటి వేరే దారిలో వచ్చి పూడ్చడమంటే ఇదే.

ఇంకో చిన్న విషయం, ఆయుధాల గురించి తెలిసినవాళ్లకు వెంటనే తడుతుంది. పిస్టల్ అయితే కాల్చిన ప్రతిసారీ డొప్పను దానంతటదే బయటికి విసురుతుంది. రివాల్వర్ అలా చేయదు. కాల్చిన డొప్పలు సిలిండర్‌లోనే ఉండిపోతాయి, ఎవరో సిలిండర్ తెరిచి చేత్తో ఖాళీ చేస్తేనే బయట పడతాయి. ఫ్లాట్‌లో రివాల్వర్ డొప్పలు దొరికాయంటే, కాల్చిన మనిషి అక్కడే నిలబడి దాన్ని ఖాళీ చేశాడన్నమాట. ఇలాంటి ప్రశ్న నిపుణుడిని బోనులో అడిగి రికార్డులోకి ఎక్కించాలి. ప్రభుత్వ వకీలు (పీపీ) గానీ డిఫెన్స్ గానీ ఆయుధం ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా బాలిస్టిక్ నిపుణుడిని విచారిస్తే, రిపోర్టు చదివించి పంపేయడం తప్ప ఏమీ జరగదు.

రక్తపు మరకల సంగతికి వస్తే, 1995లో వాటి నుంచి మామూలుగా తెలిసేది అది మనిషి రక్తమా కాదా, ఏ గ్రూపు అన్నవే. గ్రూపు కలవకపోతే అది ఆ మనిషిది కాదని ఖాయంగా చెప్పవచ్చు. కలిస్తే మాత్రం అదే గ్రూపున్న కోట్లమందిలో ఒకరిదని మాత్రమే. మాల్చా మార్గ్‌లో వదిలేసి కనిపించిన మారుతి కారు డిక్కీలో రక్తం ఉంది. ఈ రోజైతే ఆ మరక ఒక్కటే ఈనాటి డీఎన్ఏ పద్ధతి అయిన ఎస్‌టీఆర్ పరీక్షకు చాలు, డిక్కీలోకి ఎక్కిన శవం ఎవరిదో పేరుతో సహా తేలేది.

చంపింది ఎవరు?

ఇక్కడికి వచ్చేసరికి ప్రయోగశాలలు నోరు మూసుకుంటాయి. తుపాకీ శర్మదని తెలుసు, ట్రిగ్గర్ మీది వేలు ఎవరిదో మైక్రోస్కోపు చెప్పదు. చూసిన సాక్షి లేరు. కేసంతా సాందర్భిక సాక్ష్యం మీద నిలబడాలి. అలాంటి కేసులకు కొలబద్ద 1984 నాటి శరద్ బిర్దిచంద్ శారదా తీర్పు: ప్రతి పరిస్థితీ విడిగా పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిపితే ముద్దాయి దోషి అన్న ఒక్క ముగింపే మిగలాలి, ఇంకో వివరణకు చోటుండకూడదు.

అతను ఆమెతో ఆ ఫ్లాట్‌లో కాపురం ఉన్నాడనడానికి, వాళ్ల మధ్య తగాదాలున్నాయనడానికి సాక్షులు వచ్చారు. ఆ రాత్రి బగియా దగ్గర అతను ఉన్నాడని కుంజు, చందర్‌పాల్ చెప్పారు. కారు అతనిది, రివాల్వర్ అతనిది, రెస్టారెంట్ అతని చేతిలో ఉంది. భార్య కనిపించకుండా పోతే ఏ భర్తయినా పోలీస్ స్టేషన్‌కు పరుగెడతాడు. ఇతను ఊళ్లు మారి మద్రాసులో బెయిలు కోసం తిరిగాడు. పారిపోవడం ఒక్కటే దోషానికి రుజువు కాదు, భయంతో పారిపోయే నిర్దోషుల్ని నేను చూశాను. కానీ ఇంతకుముందు చెప్పినవాటి పక్కన పెడితే దానికి బరువొస్తుంది. 2003 నవంబర్ 3న ట్రయల్ కోర్టు దోషిగా తేల్చి, 7న ఉరిశిక్ష వేసింది. సాక్ష్యాన్ని మాయం చేసే కుట్రలో భాగమైనందుకు కేశవ్‌కు ఏడేళ్లు పడింది. 2007లో ఢిల్లీ హైకోర్టు రెండింటినీ ఖాయం చేసింది.

సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయం చేసింది గానీ ఉరిని యావజ్జీవంగా మార్చింది. దానికి చూపిన కారణాల్లో ఒకటి శవపరీక్షకే సంబంధించినది. శవాన్ని ముక్కలు ముక్కలుగా నరికి తందూరులో వేశాడని ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. అది రుజువు కాలేదని సుప్రీంకోర్టు స్పష్టంగా రాసింది. అవయవాలు విడిపోవడం కాలడం వల్ల కూడా జరగవచ్చని, నరికారో లేదో చెప్పలేమని రెండో శవపరీక్ష బృందమే చెప్పింది. ఊరంతా నమ్మిన ఒక వాక్యం, డాక్టర్లు 'చెప్పలేం' అని నిజాయితీగా రాసినందువల్ల ఒక మనిషి మెడ మీది ఉరితాడులో భాగం కాకుండా పోయింది. నిపుణుడి నుంచి నేను కోరుకునేది ఇదే. తెలిసింది ఎంత, తెలియనిది ఎంత అన్న గీత ఆయనే గీయాలి. 2018 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు అతని విడుదలకు ఆదేశించింది.

ఇదే కేసు ఈ రోజైతే

పరిచయస్తుల ముందు ఈ కేసు ప్రస్తావన తెస్తే, ఇప్పుడైతే ఒక్క రోజులో తేలిపోయేదంటారు. కొంతవరకు నిజం. హోటల్ సీసీటీవీలో కారు లోపలికి రావడం కనిపించేది. పత్రికల్లో వచ్చిన పోలీసుల కథనం ప్రకారం, ఆ రాత్రి శర్మ ఇంటికొచ్చేసరికి నైనా ఫోన్లో మాట్లాడుతూ పెట్టేశారు, అతను రీడయల్ నొక్కి అవతల ఎవరున్నారో తెలుసుకున్నాడు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఆ మాట ముద్దాయి నోట వినాల్సిందే. పోలీసుల ముందు చెప్పిన మాట కోర్టులో చెల్లదు, పాత సాక్ష్య చట్టం సెక్షన్ 25, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 23. చెప్పినదాని వల్ల వస్తువేదైనా దొరికితే అంతమట్టుకే చెల్లుతుంది. ఈ రోజైతే ఏ నిమిషానికి ఎవరికి కాల్ వెళ్లిందో కంపెనీ రికార్డే చెబుతుంది, ముద్దాయి నోరు విప్పనక్కర్లేదు.

కానీ సీడీఆర్, అంటే ఆ కాల్ రికార్డు, చెప్పేది సిమ్ కార్డు ఏ టవర్ కింద ఉందనే. మనిషి ఎక్కడున్నాడన్నది మనం దాని మీద కట్టుకునే ఊహ. ఫోన్ ఇంట్లో పెట్టి బయటికెళ్లవచ్చు, ఇంకొకరి చేతికివ్వవచ్చు. గోల్ మార్కెట్, అశోక్ యాత్రి నివాస్ రెండూ నడి ఢిల్లీలో దగ్గరదగ్గరగా ఉన్నవి. టవర్ పరిధులు ఒకదాని మీదికొకటి వచ్చే చోట, ఫోన్ ఫ్లాట్‌లో ఉందా రెస్టారెంట్‌లో ఉందా అన్నది సెల్ ఐడీ (టవర్ గుర్తింపు సంఖ్య) చూసి ఖాయంగా చెప్పడం కష్టం. కుంజు కళ్లారా చూసి చెప్పిన సాక్ష్యానికి టవర్ లొకేషన్ తోడు రాగలదు గానీ దాని స్థానంలో కూర్చోలేదు. అదీ సర్టిఫికెట్ సరిగా ఉంటేనే. 2014 అన్వర్ తీర్పు, 2020 అర్జున్ పండిత్‌రావు తీర్పు తర్వాత పాత సాక్ష్య చట్టం 65బి కింద ధ్రువీకరించే సర్టిఫికెట్ లేని ఎలక్ట్రానిక్ ప్రతికి కోర్టులో విలువ లేదు. 2024 జూలై 1 నుంచి అది కొత్త సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద, హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే సంకేతం) సహా రెండు భాగాల సర్టిఫికెట్‌గా మారింది. సీసీటీవీ అయితే కొన్ని వారాల్లోనే దాని మీద కొత్త రికార్డింగ్ పడి చెరిగిపోతుంది. మా క్లయింటు ఆ సమయంలో వేరేచోట ఉన్నాడని చెప్పే ఫుటేజీ ఉంటే, మొదటి వారంలోనే భద్రపరచమని పిటిషన్ వేస్తాను. ఛార్జిషీటు వచ్చేదాకా ఆగితే అది ఉండదు.

నేర విచారణ పద్ధతికి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 176(3) నాకు నచ్చిన మార్పు. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి నమూనాలు తీయాలి, వీడియో తీయించాలి. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోగా అమల్లోకి తేవాలి. సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం వీడియోలో ఉండాలి. మధ్యవర్తులు ఎక్కడో పోలీస్ స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టిన పంచనామాలతో మేం ఏళ్ల తరబడి పోరాడాం. ఇప్పుడు 'వీడియో చూపించండి' అంటే చాలు. మందిచ్చి మాట్లాడించే నార్కో పరీక్ష గురించి టీవీల్లో ఎంత హడావుడి చేసినా, 2010లో సెల్వి తీర్పు అనుమతి లేకుండా అలాంటివి చేయకూడదని తేల్చేసింది.

నన్ను భయపెట్టేది డీఎన్ఏలో వచ్చిన సున్నితత్వమే. 1995 పద్ధతికి నమూనా ఎక్కువ కావాలి కాబట్టి, ఎవరో ముట్టుకున్నప్పుడు అంటిన నాలుగు కణాలు ఫలితాన్ని మార్చేవి కావు. ఈనాటి ఎస్‌టీఆర్ పరీక్ష డీఎన్ఏకు కాపీలు తీసే పీసీఆర్ పద్ధతితో కణమంత నమూనాను కోట్ల రెట్లు పెంచి చదువుతుంది. నేరస్థుడి చెమట చుక్కను పట్టుకునే ఆ శక్తే, గ్లవుజు మార్చని కానిస్టేబుల్ చేతి ద్వారా వచ్చిన ముద్దాయి కణాలనూ అంతే నమ్మకంగా పట్టుకుంటుంది. పరీక్ష పదునెక్కేకొద్దీ మల్ఖానా (పోలీస్ స్టేషన్‌లో స్వాధీన వస్తువులు ఉంచే గది) తాళం, సీలు ముద్ర, ఫోరెన్సిక్ ప్రయోగశాలకు (ఎఫ్ఎస్ఎల్) నమూనాలతో పంపే లేఖ 'లెటర్ ఆఫ్ అడ్వైజ్' మీది తేదీ ఇంకా ముఖ్యమవుతాయి.

ఢిల్లీ ఛావలా అత్యాచార, హత్యకేసులో 2022 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఉరిశిక్ష పడ్డ ముగ్గురిని విడిచిపెట్టడానికి ఇది ఒక కారణం. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27న గానీ ప్రయోగశాలకు వెళ్లలేదు. ఆ మధ్యంతా మల్ఖానాలోనే ఉన్నాయి. పైగా నిపుణుడు ఏ పద్ధతి వాడారు, దాన్ని సరిగా వాడారా అన్నది కింది కోర్టుల్లో ఎవరూ తరచి చూడలేదని కోర్టు తప్పుపట్టింది. ఆ తీర్పు మీద దేశమంతా ఆగ్రహించింది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రుల దుఃఖం ముందు ఎవరైనా తలవంచాల్సిందే. ఆ కోపం పోవాల్సింది మాత్రం పదకొండు రోజులు నమూనాలను పక్కన పడేసిన దర్యాప్తు మీదికి.

2025 జూలైలో కట్టవెల్లై కేసులో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాల భద్రతకు నియమాలు పెట్టింది. తీసిన నమూనా మీద ఎఫ్ఐఆర్ వివరాలు, డాక్టర్, దర్యాప్తు అధికారి, స్వతంత్ర సాక్షుల సంతకాలు ఉండాలి. 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలి, ఆలస్యమైతే కారణం కేసు డైరీలో రాయాలి. ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ మళ్లీ తెరవకూడదు. నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే రిజిస్టరును ట్రయల్ కోర్టు రికార్డుకు జతచేయాలి.

ఆ తీర్పు వచ్చాక మా ఆఫీసులో హత్యకేసు ఫైల్ తెరిస్తే, డీఎన్ఏ రిపోర్టు చివరి పేరా కంటే ముందు ఆ రిజిస్టరు చూస్తున్నాం. అది లేకపోతే ఇప్పించమని పిటిషన్ వేస్తాం. రిపోర్టుతో పాటు ఎలక్ట్రోఫెరోగ్రాం (డీఎన్ఏ ఫలితాన్ని చూపే గ్రాఫు), ప్రయోగశాల వర్క్‌షీట్లు కూడా అడుగుతాం. ఎందుకంటే రిపోర్టులో 'కలిసింది' అని రాసి ఉంటుంది గానీ, ఎన్ని లోకస్‌లలో (డీఎన్ఏలో పోల్చే చోట్లలో) కలిసింది, ఒకరికంటే ఎక్కువమంది డీఎన్ఏ కలిసిన మిశ్రమ ప్రొఫైలా, ఒంటరి ప్రొఫైలా అన్నది ఆ గ్రాఫులోనే కనిపిస్తుంది. ప్రభుత్వ నిపుణుడి రిపోర్టును ఆయన రాకుండానే సాక్ష్యంగా తీసుకునే వీలు చట్టంలో ఉంది. హత్యకేసులో నేను దానికి ఒప్పుకోను, నిపుణుడికి సమన్లు పంపమని కోరతాను. ఆయన బోనులోకి వచ్చాక అడిగే మొదటి ప్రశ్న: ఈ పరీక్ష ద్వారా మీరు తేల్చమని దర్యాప్తు అధికారి మిమ్మల్ని రాతపూర్వకంగా అడిగింది ఏమిటి?